అద్దె ఇంటి చిక్కులు: ఒకటి రెండు పోర్షన్లు అద్దెకిచ్చే ఓనర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద కాంప్లెక్సులు కట్టి అద్దెకిచ్చేవాళ్లకి లాయర్లు ఉంటారు, వసూళ్లకి మనుషులుంటారు. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బుతో మేడ మీద రెండు పోర్షన్లు వేసుకుని, ఆ అద్దెతో మందులు, సరుకులు గడుపుకునేవాళ్ల సంగతి వేరు. ఒక్క నెల అద్దె ఆగినా వాళ్లకి ఇబ్బందే. రోజూ మెట్ల దగ్గర ఎదురుపడే మనుషులు కాబట్టి గట్టిగా అడగడానికి మొహమాటం. ఈ ప్రశ్నలు అలాంటి ఓనర్లవి. జవాబులు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లని దృష్టిలో పెట్టుకుని రాసినవి. వ్యవహారం కోర్టు దాకా వెళ్లేలా ఉంటే మీ ఊళ్లో ఇలాంటి కేసులు చూసే లాయర్‌కి కాగితాలన్నీ చూపించండి.

తెలిసినవాళ్లే కదా, అగ్రిమెంటు ఎందుకు?

తెలిసినవాళ్లయితే ఇంకా తప్పకుండా రాసుకోండి. వాళ్లతో గొడవొస్తే అద్దెతో పాటు చుట్టరికమూ పోతుంది. "మెయింటెనెన్స్ అద్దెలోనే కలిపి అన్నారు" అని వాళ్లంటారు. "అద్దె వేరు, మెయింటెనెన్స్ వేరు అని మొదటి రోజే చెప్పాను" అని మీరంటారు. ఇద్దరూ తాము నిజమే చెబుతున్నామని నమ్ముతారు. కాగితం మీద ఒక్క వాక్యం ఉంటే ఆ మాటే రాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో వచ్చిన 2017 చట్టం అద్దె ఒప్పందం రాతలో ఉండాలనే అంటుంది.

11 నెలలకి రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదట, నిజమేనా?

మన దగ్గర కాదు. కేంద్ర చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దేశమంతటా 11 నెలల అలవాటు అందుకే వచ్చింది. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌ని సవరించి ఆ ఏడాది పరిమితిని తీసేసింది. కాబట్టి ఇక్కడ 11 నెలల లీజు కూడా రిజిస్టర్ చేయించాల్సిన పత్రమే.

ఆచరణలో చాలామంది వంద రూపాయల స్టాంపు పేపర్ మీద రాయించి, నోటరీ చేయించి ఊరుకుంటున్నారు. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కి సాటి రాదు. రిజిస్టర్ కాని పత్రంలో రాసుకున్న షరతులని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. ఫలానా తేదీ నుంచి ఫలానావాళ్లు ఆ ఇంట్లో ఉంటున్నారనే పక్క విషయాలకి మాత్రం దాన్ని చూస్తుంది. స్టాంపు డ్యూటీ తక్కువ కట్టి ఉంటే ముందు ఆ తేడా, దాని మీద జరిమానా కట్టమంటుంది.

నా అభిప్రాయం అడిగితే, షాపుకో క్లినిక్‌కో స్కూలుకో ఇచ్చేటప్పుడు, రెండేళ్లు మూడేళ్లకి రాసుకునేటప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చుకి వెనకాడొద్దు. నెల నెలా అద్దెకుండే కుటుంబానికి ఇచ్చే చిన్న పోర్షన్‌కైనా రిజిస్టర్ చేయిస్తే మంచిదే. చేయించకపోతే కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలతో కాగితం ఉండాలి, అద్దె బ్యాంకు ద్వారానే రావాలి. కోర్టులో ఆ బ్యాంకు స్టేట్‌మెంటే మీకు అన్నిటికంటే బలమైన సాక్ష్యం అవుతుంది.

అగ్రిమెంట్లో ఏ విషయాలు మర్చిపోతుంటారు?

అద్దె, అడ్వాన్స్, గడువు అందరూ రాస్తారు. మిగిలినవే గొడవ తెస్తాయి. ఎంతమంది ఉంటారు, బండ్లు ఎన్ని, ఎక్కడ పెట్టాలి, నీళ్ల ట్యాంకర్ తెప్పిస్తే ఖర్చు ఎలా పంచుకోవాలి, ఏడాదికి అద్దె ఎంత పెరుగుతుంది, ఖాళీ చేయాలంటే ఎవరు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, పెయింటింగ్‌కి కోత ఉంటుందా, ఉంటే ఎంత, ఇంకొకళ్లకి అద్దెకివ్వొచ్చా, గోడకి ఏసీ బిగించుకోవచ్చా.

వీటితో పాటు ఇంట్లో ఏ వస్తువులు ఏ స్థితిలో ఉన్నాయో ఒక జాబితా కూడా జత చేయండి. ఫ్యాన్లు ఎన్ని, గీజర్ ఏ కంపెనీది, కిటికీ అద్దాలు బాగున్నాయా, తాళం చెవులు ఎన్ని ఇచ్చారు, చేరిన రోజు కరెంటు మీటర్ రీడింగ్ ఎంత. తాళాలిచ్చే రోజు ఫోన్‌తో ప్రతి గదీ వీడియో తీసి, అక్కడే ఆ వీడియోని వాళ్లకి వాట్సాప్‌లో పంపేయండి. తేదీతో సహా ఇద్దరి దగ్గరా ఉంటుంది.

అడ్వాన్స్ ఎంత తీసుకోవాలి?

హైదరాబాద్‌లో కుటుంబాలు ఉండే ఇళ్లకి రెండు నెలల అద్దె మామూలు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా నివాసాలకి రెండు నెలలు, దుకాణాల వంటివాటికి ఆరు నెలలు దాటకూడదంటుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. అయినా రెండు నెలలు న్యాయమైన లెక్క. ఆ డబ్బుని ఖర్చు పెట్టేసుకోకండి. అది మీది కాదు. ఖాళీ చేసే రోజున "కొత్తవాళ్లు చేరి అడ్వాన్స్ ఇచ్చాక మీది ఇస్తాం" అనే మాట అద్దెకున్నవాళ్లని అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. వాళ్లు వెళ్లే కొత్త ఇంటికి కూడా అడ్వాన్స్ కట్టుకోవాలి కదా.

కొత్తగా వచ్చేవాళ్ల గురించి ఏం కనుక్కోవాలి?

ఆధార్ జిరాక్స్, పనిచేసే చోటు గుర్తింపు కార్డు, ఊళ్లో ఉన్న ఒక దగ్గరి బంధువు నంబరు. ఇవి అందరూ తీసుకుంటారు. కొద్దిమంది మాత్రమే చేసే పని పాత ఓనర్‌కి ఫోన్ చేయడం. "అద్దె టైముకి ఇచ్చేవారా? మళ్లీ వాళ్లకే ఇల్లివ్వాలంటే ఇస్తారా?" ఈ రెండు ప్రశ్నలు చాలు. ఇప్పుడున్న ఇంటి ఓనర్ ఎలాగైనా వదిలించుకోవాలని మంచిగా చెప్పొచ్చు, కాబట్టి అంతకు ముందు ఇంటి ఓనర్ నంబరు దొరికితే ఇంకా మంచిది.

పోలీస్ వెరిఫికేషన్‌కి వివరాలివ్వండి. దీన్ని అద్దెకొచ్చేవాళ్ల మీద అనుమానంగా చూడనక్కర్లేదు, రేపు ఏదైనా జరిగితే మీకు రక్షణ. విదేశీయులకి అద్దెకిస్తే వాళ్లు వచ్చిన 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేయాల్సిన బాధ్యత ఇల్లిచ్చినవాళ్లదే.

కులం, మతం అడిగి ఇల్లివ్వడం మానేసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఉద్యోగం కోసం ఊరొదిలి వచ్చిన పిల్లలు గేటు దగ్గర నిలబడి "మీరేమిట్లు?" అన్న ప్రశ్న వినాల్సి రావడం మనందరికీ తలవంపు. అద్దె టైముకి కట్టడానికీ ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడానికీ కులంతో ఏ సంబంధమూ లేదు. బ్యాచిలర్స్ విషయమూ అంతే. ఎంతమంది ఉంటారో, రాత్రిళ్లు మ్యూజిక్ ఎప్పటిదాకా పెట్టుకోవచ్చో ముందే మాట్లాడుకుంటే వాళ్లతో వచ్చే ఇబ్బంది తక్కువ.

ఆన్‌లైన్‌లో టు-లెట్ పెడితే ఆర్మీ ఆఫీసర్‌నంటూ ఫోన్ వచ్చింది. ఇల్లు చూడకుండానే అడ్వాన్స్ వేస్తానంటున్నాడు.

మోసం. ఫోన్ పెట్టేయండి. ఇది ఎప్పటినుంచో నడుస్తున్న పద్ధతి. బదిలీ మీద మీ ఊరొస్తున్నానంటాడు, యూనిఫాంలో ఫొటో, క్యాంటీన్ కార్డు పంపిస్తాడు, "మా డిపార్ట్‌మెంట్ పేమెంట్ వేరేగా ఉంటుంది" అని ఒక క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అవసరం ఎప్పుడూ ఉండదు. పిన్ కొట్టామంటే డబ్బు పోతున్నట్టే. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ప్రతి నెలా అద్దె ఆలస్యం. ఎలా అడగాలి?

ముందు కారణం తెలుసుకోండి. కొన్ని ప్రైవేటు కంపెనీల్లో జీతం ఏడో తేదీకి గానీ పదో తేదీకి గానీ పడదు. అలాంటివాళ్లకి అయిదో తేదీ గడువు పెట్టి ప్రతి నెలా ఇద్దరూ టెన్షన్ పడటం కంటే, గడువునే పన్నెండో తేదీకి మార్చి కాగితం మీద రాసుకోవడం మేలు.

కారణం అది కాకపోతే మొహమాటం పక్కన పెట్టాల్సిందే. గడువు దాటిన మర్నాడే వాట్సాప్‌లో మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి: "నమస్తే అండీ, జూన్ నెల అద్దె 14,000 ఇంకా రాలేదు. ఎప్పటికి వేస్తారో చెప్పగలరు." నోటితో అడిగినా ఈ మెసేజ్ మాత్రం పెట్టండి. వాళ్లు "శనివారం వేస్తాను సార్" అని జవాబిచ్చారంటే బాకీ ఉందని ఒప్పుకున్నట్టే, అది రేపు పనికొస్తుంది. పిల్లల ముందో, వాచ్‌మన్ ముందో, మెట్ల మీద అందరూ వినేలాగో అడగకండి. అవమానం జరిగాక ఇవ్వగలిగినవాళ్లు కూడా మొండికేస్తారు.

రెండు నెలలు ఆగిందంటే అడ్వాన్స్ అంతా కరిగిపోయినట్టే. ఎక్కువమంది చిన్న ఓనర్లు ఇక్కడే మెత్తబడి, అయిదారు నెలలయ్యాక లాయర్ దగ్గరికి వెళ్తారు. రెండో నెల గడువు దాటగానే కూర్చుని మాట్లాడండి. వాళ్ల కష్టం నిజమైతే బాకీని వాయిదాలుగా రాసుకోండి, లేదా చిన్న ఇంటికి మారడానికి టైమివ్వండి. రెండింటికీ ఒప్పుకోకపోతే నోటీసు పంపండి. అద్దె బాకీ కోసం దావా వేయాలంటే ఆ అద్దె ఇవ్వాల్సిన తేదీ నుంచి మూడేళ్లలోపే వేయాలని కూడా గుర్తుంచుకోండి.

అద్దె ఇవ్వనప్పుడు కరెంటు, నీళ్లు ఆపేయొచ్చా? తాళం వేయొచ్చా?

వద్దు. కోపంలో చేసే ఈ ఒక్క పని మీ పక్షాన ఉన్న న్యాయాన్నంతా తారుమారు చేస్తుంది. సౌకర్యాలు ఆపేయడాన్ని అద్దె నియంత్రణ చట్టమే నిషేధించింది. చట్టప్రకారం కాకుండా ఇంట్లోంచి వెళ్లగొడితే, వెళ్లగొట్టిన ఆరు నెలల్లోగా స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద వాళ్లు దావా వేసి మళ్లీ లోపలికి రావొచ్చు. ఆ దావాలో ఇల్లెవరిదనే ప్రశ్న కూడా రాదు. సామాన్లు బయట పడేస్తే పోలీసు కేసు వేరే. నాలుగు నెలల బాకీ రావాల్సిన ఓనర్ స్టేషన్‌లో నిందితుడిగా కూర్చోవాల్సి వస్తుంది.

మరి ఖాళీ చేయించడానికి సరైన దారి ఏది?

ముందు మీ ఇల్లు ఏ చట్టం కిందికి వస్తుందో చూడాలి. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే ఉంది. 2005 సవరణ ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకి 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయలకి మించిన అద్దె ఉన్న కట్టడాలకి ఆ చట్టం వర్తించదు. ఇవాళ్టి అద్దెలకి చూస్తే హైదరాబాద్‌లో దాదాపు అన్ని ఇళ్లూ దాని బయటే ఉన్నాయి. వాటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, మామూలు సివిల్ కోర్టు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే ముందు చెప్పిన 2017 చట్టం ప్రకారం ఎక్కడికి వెళ్లాలో లాయర్‌ని అడగండి.

ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం నెల నెలా అద్దెకుండేవాళ్లకి 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అగ్రిమెంట్లో వేరే గడువు రాసుకుంటే ఆ గడువు. నోటీసు లాయర్ చేత రాయించి, చేరినట్టు రసీదు వచ్చే పోస్టులో పంపండి. తీసుకోకుండా తిప్పి పంపినా ఆ కవర్‌ని విప్పకుండా అలాగే దాచండి. గడువు దాటాక కూడా ఖాళీ చేయకపోతే ఇల్లు అప్పగించమనీ, పాత బాకీ, అప్పటినుంచి ఉన్నందుకు నష్టపరిహారం ఇప్పించమనీ దావా.

నోటీసు ఇచ్చాక ఎప్పటిలాగే అద్దె తీసుకుంటూ పోతే, నోటీసుని మీరే వదులుకున్నారని అవతలి లాయర్ వాదిస్తాడు. డబ్బు వద్దనక్కర్లేదు గానీ "నోటీసులోని నా హక్కులకి భంగం లేకుండా, ఇంట్లో ఉన్నందుకు చార్జీగా తీసుకుంటున్నాను" అని ప్రతిసారీ రాసి పెట్టండి.

కోర్టుకి ఏళ్లు పడుతుందన్న భయం ఉత్తది కాదు. అందుకే దావాకి ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్ ప్రయత్నించమంటాను. కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుని సంతకం చేస్తే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. మూడు నెలల బాకీలో ఒక నెల వదులుకుని ఫలానా తేదీకి ఖాళీ చేసేలా రాజీ కుదిరితే, నాలుగేళ్ల దావా కంటే ఓనర్‌కి అదే లాభం.

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందా?

కాదు. ఈ భయంతో ఏళ్ల తరబడి టైముకి అద్దె కడుతున్న మంచి కుటుంబాలని ఖాళీ చేయించిన ఓనర్లున్నారు. పన్నెండేళ్ల లెక్క అసలు యజమాని హక్కుని కాదని, ఇది నాదే అంటూ బహిరంగంగా ఆక్రమించి ఉన్నవాళ్లకి. అద్దె కట్టేవాళ్లు మీ అనుమతితో ఉన్నవాళ్లు. ఇరవై ఏళ్లున్నా అద్దెకున్నవాళ్లే. అద్దె కడుతూ "నువ్వు ఓనర్‌వే కాదు" అనడానికి సాక్ష్య చట్టం కూడా ఒప్పుకోదు. అద్దె బ్యాంకులో పడుతూ, రెండు మూడేళ్లకోసారి అగ్రిమెంటు కొత్తగా రాసుకుంటూ ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. దశాబ్దాలుగా అద్దె తీసుకోకుండా, కాగితం లేకుండా వదిలేసిన ఇళ్లకి మాత్రం వెంటనే లాయర్‌ని కలవండి.

కరెంటు బిల్లు మీద ప్రతి నెలా గొడవ. ఏం చేయాలి?

రెండు పోర్షన్లకి ఒకే మీటర్ ఉంటే గొడవ ఆగదు. మన బిల్లు స్లాబుల మీద నడుస్తుంది, యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ ధరా పెరుగుతుంది. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి వచ్చాక ఇది ఇంకా ముఖ్యమైంది. అర్హత ఉన్న కుటుంబానికి నెలకి 200 యూనిట్ల దాకా ఉచితం, అద్దెకున్నవాళ్లకీ వర్తిస్తుంది. రెండు కుటుంబాలు చెరో 150 యూనిట్లు వాడితే విడివిడిగా ఇద్దరూ పరిమితి లోపే. ఒకే మీటర్ మీద అది 300 అయి ఇద్దరికీ పోతుంది. పోర్షన్‌కో సర్వీసు కనెక్షన్ తీసుకోవడానికి ఒకసారి ఖర్చు పెట్టండి. అప్పటిదాకా సబ్ మీటర్ పెట్టి, నెలలో ఒకే తేదీన ఇద్దరూ చూసి ఫొటో తీసుకోండి. మోటారు, మెట్ల లైట్ల కరెంటు ఎవరి మీటర్‌లోంచి పోతుందో కనిపెట్టండి. పైవాళ్ల బిల్లులో మోటారు ఖర్చు కలుస్తూ ఉంటే వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే.

ఇంకో తగాదా ఏసీడీ, అంటే అదనపు వాడకం డిపాజిట్. గత ఏడాది వాడకం పెరిగిందని విద్యుత్ సంస్థ ఒక నెల బిల్లులో ఉన్నట్టుండి పెద్ద మొత్తం కలుపుతుంది. వాడింది వాళ్లే కదా అని ఓనర్, డిపాజిట్ మీ పేరు మీదే కదా అని అద్దెకున్నవాళ్లు. ఇందులో అద్దెకున్నవాళ్ల మాటే సబబు. ఆ డబ్బు సర్వీసు నంబరు మీద డిపాజిట్‌గా ఉంటుంది, దాని మీద వడ్డీ వస్తుంది, కనెక్షన్ తీసేస్తే ఎవరి పేరుంటే వాళ్లకే తిరిగొస్తుంది. ఒకవేళ వాళ్ల చేత కట్టిస్తే ఆ రసీదు దాచి, ఖాళీ చేసేటప్పుడు అంత మొత్తం తిరిగివ్వండి.

ఎండాకాలం నీళ్ల సమస్య?

ఏప్రిల్ వచ్చేసరికి బోరు ఎండిపోతుందని తెలిసీ "ఇరవై నాలుగు గంటలూ నీళ్లు" అని చెప్పి ఇల్లివ్వకండి. ఉన్నదున్నట్టు చెప్పండి. ట్యాంకర్ ఖర్చుని పోర్షన్ల లెక్కనో, మనుషుల లెక్కనో ఎలా పంచుతారో ముందే రాసుకోండి. హైదరాబాద్‌లో జలమండలి కనెక్షన్‌కి నెలకి 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైంది. దానికి పనిచేసే మీటర్, ఆధార్ అనుసంధానం కావాలి. చాలా ఇళ్లలో మీటర్ పాడైపోయి ఈ సౌకర్యం పోగొట్టుకుంటున్నారు, ఒకసారి చూసుకోండి.

రిపేర్లు ఎవరు చేయించాలి?

గోడలు, పైకప్పు, లోపలి పైపులు, వైరింగ్, మోటారు వంటివి ఓనర్ బాధ్యత. బల్బులు, కుళాయి వాషర్లు, వాళ్లు పగలగొట్టిన అద్దాలు వాళ్లవి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకి వాళ్లని బాధ్యుల్ని చేయకూడదు. ఇంకో విషయం ఓనర్లకి తెలియాలి. మీరు చేయించాల్సిన రిపేరు చెప్పినా చేయించకపోతే, వాళ్లే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకునే హక్కు ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉంది.

ఎక్కువ గొడవ తెచ్చేది గోడ చెమ్మ. బాత్రూం పక్క బెడ్‌రూం గోడ కింది భాగంలో పెయింట్ ఉబ్బుతుంది, తర్వాత పొడిలా రాలుతుంది. మనం పుట్టీ పెట్టి రంగేయిస్తాం. రెండు నెలల్లో మళ్లీ మామూలే. రంగు వేయించే ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తేల్చుకోవాలి. రాత్రి ట్యాంకు నిండుగా పెట్టి, అన్ని కుళాయిలూ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. తెల్లారేసరికి మట్టం దిగిందంటే గోడలోని పైపు కారుతోంది, లేదా ఎక్కడో ఫ్లష్ ట్యాంకు కారుతోంది. మట్టం దిగకపోతే అనుమానం టైల్స్ సందుల మీద, నీళ్లు బయటికి పోయే చోట జాలీ కింద ఉండే ట్రాప్ మీద. ఆ బాత్రూంని రెండు మూడు రోజులు వాడకుండా ఉంచమనండి, గోడ ఆరడం మొదలైతే సంగతి తేలినట్టే. టైల్స్ సందులు తవ్వి మళ్లీ నింపించడం గోడంతా పగలగొట్టడం కంటే చాలా చవక. వానాకాలంలో పై అంతస్తులో మాత్రమే కనిపించే చెమ్మ స్లాబుది. దాని పని ఎండాకాలంలోనే పూర్తి చేయించాలి.

ప్రాణాపాయం ఉన్న విషయాలు ఏవి?

గీజర్, సంపు. ఈ రెండింటి దగ్గర ఖర్చుకి చూడొద్దు. గీజర్‌కి సరైన ఎర్తింగ్ ఉందా అని ప్రతి కొత్త కుటుంబం చేరే ముందు ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. మనిషికి షాక్ కొట్టేంత కరెంటు లీకైతే అది క్షణంలో సరఫరా ఆపేస్తుంది. సంపు మూత బరువైనది, పిల్లలు ఎత్తలేనిది ఉండాలి, వీలైతే తాళం ఉండాలి. ఆడుకుంటూ సంపులో పడి పసిపిల్లలు పోయిన వార్తలు మనం ఎన్నో చదివాం. మేడ మీద పిట్టగోడ ఎత్తు కూడా ఒకసారి చూడండి.

ఏడాదికి అద్దె ఎంత పెంచాలి?

5 నుంచి 10 శాతం మన దగ్గర వాడుక. అయితే కాగితం మీద లెక్క వేసుకోండి. 15,000 అద్దెకి వెయ్యి పెంచితే ఏడాదికి 12,000 వస్తుంది. ఆ వెయ్యి కోసం వాళ్లు వెళ్లిపోయి ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే 15,000 పోతుంది, రంగులు, బ్రోకర్ ఖర్చు అదనం. టైముకి ఇచ్చే మంచి కుటుంబానికి పక్కింటి రేటుతో పోటీ పడి పెంచడం దండగ.

వాళ్లు లేనప్పుడు మన దగ్గరున్న తాళంతో లోపలికి వెళ్లొచ్చా?

వెళ్లకూడదు. ఇల్లు మీదైనా ఆ గడప లోపల జీవితం వాళ్లది. రిపేరు ఉంటే ఒకరోజు ముందు చెప్పి, వాళ్లున్నప్పుడు వెళ్లండి. నీళ్లు కారిపోవడం, మంటలు వంటి అత్యవసరమైతే ఫోన్ చేసి, పక్కన ఒక సాక్షిని పెట్టుకుని వెళ్లండి. చెప్పకుండా తాళం వేసుకుని మాయమైన సందర్భంలో కూడా తాళం పగలగొట్టొద్దు. పోలీసులకి రాసివ్వండి, నోటీసు పంపండి, లాయర్ చెప్పిన పద్ధతిలో వెళ్లండి.

అద్దెకున్నవాళ్లింట్లో ఎవరైనా చనిపోతే?

ఈ ప్రశ్న అడగడానికి చాలామంది సంకోచిస్తారు. శవాన్ని ఇంట్లోకి తెస్తే ఇంటికి అరిష్టమని, ఆస్పత్రి నుంచి తెచ్చిన మనిషిని గేటు బయటే, రోడ్డు మీదే ఉంచిన సంఘటనలు మన ఊళ్లలో మళ్లీ మళ్లీ వార్తలవుతున్నాయి. కొన్ని కుటుంబాలు టెంటు కింద వానలో నిలబడ్డాయి. దయచేసి అలా చేయకండి. అద్దె కడుతున్నంత కాలం అది వాళ్ల ఇల్లు. చావూ పుట్టుకా ఆ ఇంట్లోనే జరుగుతాయి. మీకు పట్టింపులుంటే తర్వాత పురోహితుణ్ణి పిలిచి శాంతి చేయించుకోండి, గోమూత్రం చల్లుకోండి, అది మీ ఇష్టం. ఆ రోజు మాత్రం గేటు తెరిచి, వచ్చేవాళ్లకి కుర్చీలు, నీళ్లు అందేలా చూడండి. కర్మకాండలు పదకొండో రోజు దాకా ఎక్కడ చేసుకోవాలో ఆ కుటుంబంతో నెమ్మదిగా మాట్లాడితే వాళ్లే సర్దుకుంటారు.

చట్టం సంగతికొస్తే, అగ్రిమెంటు చేసిన వ్యక్తి పోయినంత మాత్రాన అద్దె హక్కు పోదు, వారసులకి వస్తుంది. మైలదినాలు గడిచాక వాళ్ల పేరు మీద కొత్త అగ్రిమెంటు రాసుకోండి.

కుటుంబానికి ఇచ్చాం, వాళ్లు హాస్టల్‌లా నడుపుతున్నారు.

అగ్రిమెంట్లో నిషేధించి ఉంటే నోటీసు ఇవ్వండి. ఆలస్యం చేయొద్దు. పదిమంది వాడే నీళ్లు, డ్రైనేజీ ఇల్లు తట్టుకోదు. ఇంటి వాడకం వ్యాపారానికి మారిందని తేలితే ఆస్తి పన్ను, కరెంటు కేటగిరీ కూడా మీ మీదకే వస్తాయి.

ఖాళీ చేసే రోజు పెయింటింగ్ పేరుతో ఎంత పట్టుకోవచ్చు?

రాసుకున్నంతే. మూడేళ్లున్నవాళ్లకి గోడలు మాసిపోవడం సహజం. ఆరు నెలలకే పిల్లలు గోడలన్నీ స్కెచ్ పెన్నులతో నింపేస్తే అది వేరు. కోత ఏదైనా బిల్లు చూపించి కోయండి. చివరి రోజున కరెంటు రీడింగ్, బాకీ లెక్క చూసుకుని ఇద్దరూ ఒక కాగితం మీద సంతకం చేయండి: "ఈ తేదీన తాళం చెవులు అప్పగించాం, అడ్వాన్స్‌లో ఇంత మినహాయించి మిగతా ఇంత ముట్టింది, ఒకరికొకరం బాకీ లేము." నాలుగు లైన్లు చాలు.

అద్దె మీద పన్ను ఎలా?

ఏడాది అద్దెలోంచి మీరు కట్టిన ఆస్తి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఇస్తారు. బిల్లులు చూపించనక్కర్లేదు. నెలకి 15,000 అంటే ఏడాదికి 1,80,000. ఆస్తి పన్ను 6,000 కట్టి ఉంటే 1,74,000. అందులో 30 శాతం 52,200 పోగా ఆదాయంగా లెక్కకొచ్చేది 1,21,800. అద్దెకిచ్చిన ఇంటి మీద లోన్ ఉంటే వడ్డీ కూడా తగ్గుతుంది. ఏడాది అద్దె లక్ష దాటితే, ఉద్యోగి అయిన టెనెంట్ హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం మీ పాన్ అడుగుతారు. ఇవ్వనని మొండికేయడం వల్ల మంచి టెనెంట్లు వెళ్లిపోతారు తప్ప లాభం లేదు. నెలకి 50,000 దాటిన అద్దెకి టెనెంట్ 2 శాతం టీడీఎస్ (అద్దెలోంచే ముందుగా తీసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి, 2024 అక్టోబర్‌కి ముందు అది 5 శాతం. జీహెచ్ఎంసీ పరిధిలో ఏప్రిల్ నెలలోనే ఆస్తి పన్ను కట్టేస్తే 5 శాతం రాయితీ ఉంటోంది, వదులుకోకండి.

మేం అమెరికాలో ఉంటున్నాం, ఇల్లు హైదరాబాద్‌లో ఉంది.

అద్దె ఎన్ఆర్ఓ ఖాతాలోకి, అంటే విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి ఆదాయం కోసం తెరిచే బ్యాంకు ఖాతాలోకి రావాలి. ఎన్నారై ఓనర్‌కి అద్దె కట్టేవాళ్లు ఎంత చిన్న మొత్తమైనా టీడీఎస్ కోయాల్సిందే, సెస్సుతో కలిపి 31.2 శాతం. ఈ సంగతి మీ టెనెంట్‌కి తెలియకపోవచ్చు, ముందే చెప్పండి. మీ అసలు పన్ను అంత పడకపోతే తక్కువ కోతకి సర్టిఫికెట్ కోసం దరఖాస్తు చేయొచ్చు, లేదా రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు.

అద్దె వసూలు, రిపేర్ల బాధ్యత డెబ్బై ఏళ్ల అమ్మానాన్నల మీద పెట్టి, అర్ధరాత్రి మోటారు పాడైతే వాళ్లని పరుగులు పెట్టించకండి. నమ్మకమైన ప్లంబర్, ఎలక్ట్రీషియన్ నంబర్లు టెనెంట్‌కే ఇచ్చి, ఇంత మొత్తం దాకా అడగకుండానే చేయించి అద్దెలో తగ్గించుకోమనండి. కోర్టు వ్యవహారాలకి పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే అద్దె, నోటీసు, దావా వరకే పరిమితం చేసి ఇవ్వండి, అమ్మే అధికారం అందులో కలపకండి. విదేశంలో రాసిన పత్రాన్ని అక్కడి భారత కాన్సులేట్‌లో ధృవీకరించుకుని, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి.